శుక్రవారం తెల్లచొక్కా

న్యూజెర్సీలో ఉండే మా పెద్దమ్మ కొడుకు పోయిన వారం వాట్సాప్ కాల్ చేశాడు. "ఒరేయ్, మీవాడు రెండ్రోజుల్నుంచి మొహం మాడ్చుకుని కూర్చున్నాడు. నువ్వైనా మాట్లాడు" అన్నాడు. మావాడంటే వాళ్లబ్బాయే. పన్నెండేళ్లు. నన్ను బాబాయ్ అంటాడు కాబట్టి వాడు చేసే అల్లరికి సగం బాధ్యత నాదే అని మా అన్నయ్య లెక్క.

ఇంతకీ కథేంటంటే, పక్కవీధిలో ఉండే ఫ్రెండు ఏడు వారాల సమ్మర్ క్యాంపుకి వెళ్లిపోయాడు. ఫోను ఇంట్లోనే పెట్టేసి వెళ్లాడు. అక్కడ ఫోను ఉండకూడదట. గేమ్ లేదు, మెసేజ్ లేదు, రీల్ లేదు. మాట్లాడాలంటే ఉత్తరం రాయాలట, కాయితం మీద, పెన్నుతో. "బాబాయ్, లెటర్‌లో ఫస్ట్ ఏం రాయాలి?" అని వాడు సీరియస్‌గా అడిగాడు. 'కుశలం' అని రాయమన్నా. "దాని ఎమోజీ ఏది?" అన్నాడు.

ఆ ఫ్రెండు యూదుల పిల్లాడు. వాడు వెళ్లింది యూదు మగపిల్లల క్యాంపు. వాళ్ల నాన్న కూడా చిన్నప్పుడు అదే క్యాంపుకి వెళ్లాడట. ఫోను పెట్టేశాక నాకు మావాడి బాధకంటే ఇంకోటి గుర్తొచ్చి నిద్ర పట్టలేదు. ఇంటర్‌లో నా పక్కన కూర్చున్న ఒక కుర్రాడు. వాడి దగ్గరికి తర్వాత వస్తా. ముందు ఈ క్యాంపు సంగతి చూద్దాం.

ఏడు వారాల ఊరు

అమెరికా యూదుల క్యాంపులు రకరకాలు. మతం గట్టిగా పాటించేవాళ్లవి, కాస్త సడలించేవాళ్లవి, కేవలం ఆటపాటలవి. కానీ ఎక్కువ వాటిలో కొన్ని అలవాట్లు ఒకేలా కనిపిస్తాయి. చెట్ల మధ్య, చెరువు పక్కన చెక్క గదులు. ఒక్కో గదిలో పది మందో పదిహేను మందో పిల్లలు. వాళ్లని చూసుకోవడానికి కాలేజీ వయసు కుర్రాళ్లు. ఆ కుర్రాళ్లలో చాలామంది ఒకప్పుడు అదే గదుల్లో పడుకుని అమ్మ కోసం ఏడ్చినవాళ్లే.

భోజనం అయ్యాక బల్లలు వాయిస్తూ పాటలు. ఎంత గట్టిగా వాయిస్తే అంత గొప్ప. వేసవి చివర్లో 'కలర్ వార్'. క్యాంపు మొత్తాన్ని రెండు రంగుల జట్లుగా చీల్చేస్తారు. అది ఎప్పుడు మొదలవుతుందో పిల్లలకి చెప్పరు. అర్ధరాత్రి సైరన్ మోగచ్చు, ఆకాశంలోంచి కాగితాలు రాలచ్చు. ఇక ఆ కొద్దిరోజులూ పరుగుపందెం, తాడులాగుడు, పాటల పోటీ. నిన్నటిదాకా ఒకే కంచంలో తిన్నవాళ్లు ఎదురుబొదురు. చివరి రాత్రి రెండు జట్లూ భుజాల మీద చేతులేసుకుని పాడుతూ ఏడవడం కూడా ఆనవాయితీయే.

నాకు బాగా నచ్చింది మాత్రం శుక్రవారం సాయంత్రం. వారమంతా మట్టిలో దొర్లిన పిల్లలు స్నానం చేసి తెల్లచొక్కాలు వేసుకుంటారు. పొద్దుగూకే ముందు దీపాలు వెలుగుతాయి. అక్కడి నుంచి శనివారం చీకటి పడేదాకా సబ్బాతు. మన తెలుగు బైబిలు మాటల్లో విశ్రాంతి దినం. పని లేదు, వంట లేదు, నిప్పు ముట్టించరు. శనివారం ఆకాశంలో మూడు చుక్కలు కనిపించాక జడలా అల్లిన కొవ్వొత్తి వెలిగించి, ద్రాక్షారసం పోసి, లవంగం, దాల్చిన చెక్క లాంటి సుగంధ ద్రవ్యాలు వాసన చూస్తారు. పోయే పండుగ రోజుకి వీడ్కోలు అన్నమాట. దాన్ని హవ్దాలా అంటారు.

వేసవిలోనే ఒక శోకదినం కూడా వస్తుంది. యెరూషలేము దేవాలయం రెండుసార్లు కూలిపోయినందుకు ఉపవాసం. ఆ రాత్రి పిల్లలు నేల మీద కూర్చుని కొవ్వొత్తి వెలుగులో విలాపవాక్యాలు వింటారు. బడి ఉండే రోజుల్లో రాదు కాబట్టి ఈ రోజు గురించి చాలామంది పిల్లలకి తెలిసేది క్యాంపులోనే.

ముందు మారమని, తర్వాత మారొద్దని

ఇదంతా వెయ్యేళ్ల సంప్రదాయం అనుకునేరు. క్యాంపు వయసు నూట యాభై ఏళ్లు కూడా లేదు.

1880ల నుంచి మొదటి ప్రపంచ యుద్ధం దాకా తూర్పు యూరప్ నుంచి సుమారు ఇరవై లక్షల మంది యూదులు బయటపడ్డారు. కొంత పేదరికం, కొంత వాళ్ల మీద జరిగిన దాడులు. ఎక్కువమంది చేరింది అమెరికాకి, అందులోనూ న్యూయార్క్‌లోని లోయర్ ఈస్ట్ సైడ్‌కి. గాలి ఆడని ఇరుకు గదులు, పగలూ రాత్రీ కుట్టుపని, క్షయ. అక్కడి మగపిల్లల్ని ఎండాకాలంలో కొద్దిరోజులైనా ఊరవతలికి తీసుకెళ్లాలని 1902లో హడ్సన్ లోయలోని కోల్డ్ స్ప్రింగ్ దగ్గర ఒక క్యాంపు పెట్టారు. పేరు సర్‌ప్రైజ్ లేక్ క్యాంప్. అది ఇప్పటికీ నడుస్తోంది. అమ్మానాన్నా లేక అమ్మమ్మ పెంపకంలో పెరిగిన ఎడ్డీ కాంటర్ అనే పిల్లాడు ఆ క్యాంపుకి వెళ్లాడు. తర్వాత అమెరికా నవ్వుల హీరో అయ్యాడు. క్యాంపుని మాత్రం మర్చిపోలేదు, దానికి అండగా నిలిచాడు.

అప్పట్లో క్యాంపు పెట్టిన పెద్దల ఉద్దేశం మతం నేర్పడం కాదు. పిల్లలకి మంచి గాలి, మంచి తిండి, దాంతోపాటు కాస్త అమెరికా నడవడిక అబ్బాలని. అంటే, మారండి అని.

నలభై ఏళ్లు తిరిగేసరికి కథ అడ్డం తిరిగింది. పిల్లలు మారారు, బాగా మారారు. ఇంటిభాష పోయింది, పండుగలు పోయాయి. అవతల యూరప్‌లో హిట్లర్ అరవై లక్షల మంది యూదుల్ని చంపించాడు. మిగిలినవాళ్లం మనల్ని మనం మర్చిపోతే ఇంకేం మిగులుతుంది అన్న భయం పట్టుకుంది. 1941లో మస్సద్ అనే క్యాంపు మొదలైంది. అక్కడ పొద్దున లేచిన దగ్గర్నుంచి హీబ్రూలోనే మాట్లాడాలి. బేస్‌బాల్ కూడా హీబ్రూలోనే ఆడాలి. ఆటలో మాటలకి హీబ్రూ పదాలు లేకపోతే తయారుచేసుకున్నారు! భాషాశాస్త్రంలో మహా పండితుడైన నోమ్ చామ్‌స్కీ కుర్రతనంలో ఆ క్యాంపులో పనిచేశాడు. 1947లో విస్కాన్సిన్‌లో రామా అనే క్యాంపు వచ్చింది. రాముడికీ దానికీ సంబంధం లేదు, అది బైబిల్లో ఊరి పేరు. ఈ క్యాంపులన్నీ చెప్పింది ఒక్కటే: మారిపోకండి అని.

మన అన్నయ్యలు, అక్కయ్యలు ఇప్పుడు డల్లాస్‌లో, ఎడిసన్‌లో చేస్తున్నదేంటి? శనాదివారాలు మనబడి, సెలవుల్లో తెలుగు క్యాంపులు, కూచిపూడి క్లాసులు. సిలికానాంధ్ర మనబడి మొదలైంది 2007లో. వాళ్లు మొదట ఇంగ్లీషు యాస నేర్చుకోవడానికి తంటాలు పడ్డారు. ఇప్పుడు పిల్లలకి 'ళ' పలకడం నేర్పడానికి తంటాలు పడుతున్నారు.

బీరు హాలు నుంచి దుగ్గిరాల దాకా

ఇక్కడో తమాషా. న్యూయార్క్‌లో ఈస్ట్ సైడ్‌లో, ఆ యూదు క్యాంపుకి నాలుగేళ్ల ముందు, 1898లో, ఎలైజా హాస్ అనే ఒక డాక్టరు గారి భార్య సెలవుల్లో వీధిన తిరిగే పిల్లల కోసం బైబిలు బడి పెట్టింది. చోటు దొరక్క ఒక బీరు హాలు అద్దెకు తీసుకుంది. 1901లో రాబర్ట్ బోవిల్ అనే బాప్టిస్టు పెద్ద ఆ ఆలోచనని పట్టుకుని ఉద్యమంలా నడిపాడు. అదే వెకేషన్ బైబిల్ స్కూల్. మన భాషలో వీబీఎస్.

వీబీఎస్ అంటే మా దుగ్గిరాల పిల్లలకి చెప్పక్కర్లేదు. ఎండాకాలం కాలువలకి నీళ్లు కట్టేస్తారు. ఎండిన కాలువ గర్భంలో మా క్రికెట్టు. మార్కెట్ యార్డు వైపు నుంచి పసుపు కొమ్ముల ఘాటు. బడి సెలవులిచ్చిన వెంటనే చర్చి మైకు మోగేది. మాది గుడికెళ్లే ఇల్లు. అయినా నేను మూడు ఎండాకాలాలు వీబీఎస్‌కి వెళ్లా. ఎందుకంటే రస్నా ఇచ్చేవాళ్లు, బిస్కెట్లిచ్చేవాళ్లు. చేతులూపుతూ పాడే పాటలు, రంగు పెన్సిళ్లు, కంఠత వాక్యాలు. ఎఫ్రాయిము, మనష్షే, సమాజమందిరం, పస్కా, పర్ణశాలల పండుగ లాంటి మాటలన్నీ నా నోట్లోకి వచ్చింది అప్పుడే. మా నాయనమ్మ "ప్రసాదం ఎక్కడ తిన్నా ప్రసాదమేలే" అనేది.

మా ప్రాంతంలో ఎండాకాలం బడులు చర్చివి మాత్రమే కాదు. 1930ల్లో ఎన్.జి. రంగా నిడుబ్రోలులో రైతు విద్యాలయం పెట్టి పల్లెటూరి కుర్రాళ్లకి రాజకీయ పాఠాలు చెప్పించాడు. 1937లో కొత్తపట్నంలో కమ్యూనిస్టులు, సోషలిస్టులు వేసవి రాజకీయ పాఠశాల పెడితే బ్రిటిష్ సర్కారు నిషేధించి, పోలీసులతో చెదరగొట్టించింది. మరుసటి ఏడు బాపట్ల తాలూకా మంతెనవారిపాలెంలో మళ్లీ పెట్టారు. ఎండాకాలం కుర్రాళ్లు ఖాళీగా ఉంటారు. ఆ ఖాళీలో ఎవరు ఏం నింపితే అదవుతారు. పెద్దలకి ఈ రహస్యం ఎప్పుడో తెలుసు.

కొత్తరెడ్డిపాలెం

మా దుగ్గిరాల దగ్గర మొదలయ్యే కొమ్మమూరు కాలువ పెదగంజాం దాకా వెళ్లి బకింగ్‌హామ్ కాలువలో కలుస్తుంది. 1876-78 కరువులో ఆ బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వకం పనిని ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ కాంట్రాక్టుకి తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకి కూలి ఇప్పించాడు. కరువు తగ్గుముఖం పట్టాక 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎక్కువమంది మాదిగలు. గుంటూరు, ప్రకాశం జిల్లాల మాదిగపల్లెల్లో చర్చి వేళ్లూనింది ఆ రోజుల్లోనే.

ఆ పల్లెల్లో ఒకటి చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెం. చేబ్రోలంటే చతుర్ముఖ బ్రహ్మ గుడి ఉన్న ఊరు. మాకు తెనాలి మీదుగా వెళ్లేంత దూరం, అంతే. కొత్తరెడ్డిపాలెంలో 1980ల నుంచి కొన్ని మాదిగ కుటుంబాలు, మేము క్రైస్తవులం కాదు, యూదులం అని చెప్పడం మొదలుపెట్టాయి. ఇజ్రాయెలు పోగొట్టుకున్న పది గోత్రాల్లో ఎఫ్రాయిము గోత్రం మాది, వెయ్యేళ్ల కిందటే పర్షియా, ఆఫ్ఘనిస్తాన్, టిబెట్, చైనా తిరిగి ఇక్కడికి చేరాం అని వాళ్ల కథనం. ముందు నిలబడినవాళ్లు షమూయేల్ యాకోబి, సాదోక్ యాకోబి అనే అన్నదమ్ములు. 1990ల మొదట్లో చిన్న సమాజమందిరం వెలిసింది. బెనె ఎఫ్రాయిమ్ అని పేరు. అంటే ఎఫ్రాయిము సంతానం. మచిలీపట్నంలోనూ కొందరున్నారు.

ఈ కథనానికి పాత రాతల ఆధారం లేదని పరిశోధకులు అంటారు. యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ అనే ఇద్దరు వీళ్ల మీద ఒక పుస్తకమే రాశారు, 2013లో వచ్చింది. వాళ్లు పట్టుకున్నది నిజమా అబద్ధమా అన్న లెక్కని కాదు. కులం అనే బరువు మోసే మనుషులు తమ గురించి తాము కొత్త కథ చెప్పుకుంటే ఆ కథ ఏం పని చేస్తుంది అన్నది వాళ్ల ప్రశ్న. ఊరు 'తక్కువ' అన్న వాళ్ల తిండినీ, ఖననాన్నీ ఈ కథ 'ఇది మా పూర్వీకుల ఆచారం' అని తలెత్తుకునేలా చేసింది.

గుర్తింపు మాత్రం తేలిగ్గా రాలేదు. మణిపూర్, మిజోరంలోని బ్నెయ్ మెనాషెలని 2005లో ఇజ్రాయెల్ ప్రధాన రబ్బీ పోయిన గోత్రపు సంతతిగా ఒప్పుకున్నాడు. మతం మార్పిడి విధి పూర్తి చేసుకుని వేలమంది అక్కడికి వెళ్లారు. బెనె ఎఫ్రాయిమ్‌కి ఆ ముద్ర పడలేదు. కులాను అనే అమెరికా సంస్థ వలంటీర్లు లాంటివాళ్లు వచ్చి హీబ్రూ, ప్రార్థనలు నేర్పి వెళ్లారు. ఇక మన కాయితాల సంగతి చూస్తే, 1950 నాటి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులు, సిక్కులు, బౌద్ధులకే. క్రైస్తవుడైతే ఆంధ్రలో బీసీ-సీ. యూదుడైతే? కేంద్రం గుర్తించిన ఆరు మైనారిటీల్లోనూ యూదులు లేరు. కాబట్టి ఇంట్లో ఒకటి, సర్టిఫికెట్లో ఒకటి.

శనివారం స్లిప్ టెస్ట్

ఇప్పుడు నా ఇంటర్ కుర్రాడు. పేరు చెప్పను. తెనాలిలో ఒక జూనియర్ కాలేజీ. మాకు ప్రతి శనివారం స్లిప్ టెస్ట్. వాడు శనివారం వచ్చేవాడు, రాసేవాడు, కానీ ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. క్యాంటీన్‌కి పిలిస్తే రూపాయి ముట్టుకోనన్నాడు. "సెవెంత్ డే వాళ్లా?" అని అడిగితే "కాదు, యూదులం" అన్నాడు. వెనక బెంచీ గొల్లుమంది. ఆ రోజు నుంచి వాడి పేరు 'ఇజ్రాయెల్'. పేరు పెట్టింది ఎవరో కాదు, నేనే. మూడేళ్లు బైబిలు బడిలో రస్నా తాగినోణ్ణి కదా, నాకు తెలిసినంత ఇంకెవరికి తెలుసు!

ఒకసారి ల్యాబ్ బయట వాడన్నాడు: "రాయకపోతే మార్కులు పోతాయిరా. రాస్తే లోపల ఇంకేదో పోద్ది. మా నాన్నేమో పరీక్షే ముఖ్యం అంటాడు, తాతేమో మాట్లాడడు." నేను నవ్వేశా. ఏం చెప్పాలో తెలియనప్పుడు నవ్వే నవ్వు అది. ఇంకో మాట కూడా అన్నాడు. అది ఇప్పుడు గుచ్చుకుంటోంది. "మీకేంట్రా, గుడికెళ్లినా వందమంది, చర్చికెళ్లినా వందమంది. ఈ కాలేజీ మొత్తానికి నేనొక్కణ్ణే."

క్యాంపు ఎందుకో నాకు ఇన్నేళ్లకి అర్థమైంది. ఆ న్యూజెర్సీ పిల్లాడికి కూడా బడిలో శుక్రవారం తెల్లచొక్కా వేసుకుంటే నవ్వేవాళ్లు ఉంటారేమో. కానీ ఏడాదిలో ఏడు వారాలు వాడి చుట్టూ ఉన్న వందలమందీ తెల్లచొక్కాలే. అక్కడ వాడు ఎవరికీ వివరణ ఇచ్చుకోనక్కర్లేదు. ఆ ఏడు వారాల ధైర్యం మిగతా నలభై ఐదు వారాలకి సరిపోతుంది. మా కుర్రాడికి ఆ ఏడు వారాలు లేవు. వాడికి దొరికింది వెనక బెంచీ.

అలాగని క్యాంపు అంటే అంతా బంగారం అనను. తనవాళ్ల మధ్యే పెరిగిన పిల్లాడికి పక్కవాడి పండుగ తెలియకపోవచ్చు. పిల్లాడికి రెండూ కావాలి: తనవాళ్ల క్యాంపు ఒకటి, నాయనమ్మ వెళ్లనిచ్చిన పక్కవాళ్ల రస్నా ఒకటి. నాకు రెండోది దొరికింది. దాన్ని నేను వాడుకున్నది మాత్రం ఒకణ్ణి ఎగతాళి చేయడానికి.

పాత క్లాస్‌మేట్స్ గ్రూపులో వెతికితే వాడి నంబరు దొరికింది. మొన్న శుక్రవారం రాత్రి మెసేజ్ పెట్టా. నాలుగుసార్లు రాసి చెరిపాక మిగిలింది ఇంతే: 'ఒరేయ్, ఇంటర్‌లో నీకు పేరు పెట్టింది నేనే. తప్పు చేశా. గుర్తున్నానా?'

ఒకటే టిక్కు. రాత్రంతా ఒకటే టిక్కు. శనివారం పొద్దున, మధ్యాహ్నం కూడా అంతే. బ్లాక్ చేశాడనుకున్నా. చేసినా న్యాయమే అనుకున్నా. సాయంత్రం డాబా మీద బట్టలు తీస్తుంటే ఫోను మోగింది.

'ఫోను ఆఫ్‌లో ఉంది. ఇప్పుడే మూడు చుక్కలు కనపడ్డాయి. గుర్తున్నావురా. చెప్పు.'

తల పైకెత్తి చూశా. దుగ్గిరాల ఆకాశంలో కూడా మూడు ఉన్నాయి.